పిడి లోపలికి పోయిన తలుపు

కోటీ పది లక్షల బండి
నాకు పంతొమ్మిదిన్నరకి వచ్చింది.
అమ్మినాయన రొయ్యలు ఎగుమతి చేస్తాడు.
తాళం బదులు ఒక కార్డు చేతిలో పెట్టి
"ఆయిల్ మార్చక్కర్లేదు, ఇంజనే లేదు,
ఇక ఖర్చేముంటుందండీ" అన్నాడు.
ఆ మాటంటూ నా వైపు చూడలేదు,
రుషికొండ వైపు చూశాడు.

పెళ్ళిళ్ళకి కార్లు అద్దెకిస్తాను నేను.
మద్దిలపాలెంలో రేకుల షెడ్డు,
పూలు అంటించే టేపు మరకలతో మూడు పాత బళ్ళు.
వాటి మధ్య ఇది
చుట్టాలింటికి తప్పొచ్చిన కలెక్టరులా నిలబడింది.

మొదటి నెల బాగుంది.
కైలాసగిరి ఎక్కుతుంటే చప్పుడే లేదు,
నా ఊపిరి నాకు వినిపించేది.
సింహాచలం ఘాట్ దిగుతుంటే
ఖర్చైన చార్జి కొంచెం తిరిగొచ్చేది.
దిగిపోతుంటే ఎదురిచ్చేది లోకంలో ఇంకేముందని
మురిసిపోయాను.

తర్వాత ఉప్పుగాలి తన పద్దు తెరిచింది.

ఓ తెల్లారి బండి లేవలేదు.
పొట్టకింద మంచమంత బ్యాటరీ నిండుగానే ఉంది.
దాన్ని తట్టి లేపే చిన్న బ్యాటరీ చచ్చిపోయిందట.
ఏనుగుని లేపే చీమ. పద్నాలుగు వేలు.

ముందు ఎడమ చక్రం దగ్గర గాలితిత్తి చిరిగింది.
మూటలు దించిన హార్బర్ కలాసీలా
రాత్రంతా ఒక భుజం వంచి నిలబడింది.
లక్షా డెబ్బై. టైర్లు అడక్కండి.

గోపాలపట్నం కల్యాణ మండపం ముందు
సన్నాయి మొదలయ్యాక
తలుపు పిడి బయటికి రాలేదు.
తాకితే తేలాలి అది, తేలలేదు.
తెర నల్లబడింది, అద్దం దిగదు.
లోపల పెళ్ళికూతురు యామిని, బయట నూటేభై మంది,
నా చేతిలో పనికిరాని కార్డు.
పదకొండు నిమిషాలు.
ఎవరో కొబ్బరికాయ కొట్టే రాయి తెచ్చారు.
నేను అద్దానికి అడ్డం పడ్డాను,
దాని ధర తెలుసు కాబట్టి.

తెర దానంతటదే వెలిగి తలుపు తెరుచుకున్నాక
ఆ పిల్ల నా పక్కనుంచి దిగుతూ అంది:
"వారం రోజులైంది అంకుల్,
నన్నెవరూ ముట్టుకోకుండా ఇంతసేపుండి."

హైదరాబాద్ సర్వీసు సెంటరు నుంచి తేనెలాంటి గొంతు:
బ్యాటరీలో ఇన్సులేషన్ లోపం సార్,
మొత్తం ప్యాక్ మార్చాలి,
పదహారు లక్షల నలభై వేలు, జీఎస్టీ వేరే.
'వేరే' అన్నచోట ఆ గొంతు ఇంకా మెత్తబడింది.

గాజువాక ఆటోనగర్‌లో దాలినాయుడు
డాక్‌యార్డులో ఇరవయ్యేడేళ్ళు
సబ్‌మెరైన్ బ్యాటరీల దగ్గర పనిచేసినవాడు.
ఉంగరం తీశాడు, మొలతాడు తాయెత్తు కూడా తీశాడు,
మోచేతుల దాకా రబ్బరు తొడిగాడు.
"నీటికింద కరెంటుతో కాపరం జేసినోణ్ణి బావూ,
రోడ్డు మీద బయపడతానేటి?"
బండి కిందికి దూరి
చాలాసేపు కాళ్ళు మాత్రమే కనిపించాయి.

"నీళ్ళు ఏడనించి ఒత్తన్నాయో సూడాల ముందు.
రోగం కాదిది, కారుడు."

ఏసీ నీళ్ళు జారే గొట్టం
బ్యాటరీ మూత మీదే కారుతోంది.
ఈ ఊరి ఉక్కకి, రొయ్యలాయన చల్లదనానికి
ఏడేళ్ళ చుక్కలు.
మూత చివర ఆకుపచ్చ తుప్పు,
గోరుతో గీకితే రాలిపోయింది.
ఆ గోరంత తుప్పుకే పదహారు లక్షల నలభై.

నలభై ఒక్క వేలు తీసుకున్నాడు దాలినాయుడు.
గొట్టం పక్కకి తిప్పాడు.
నాలుగు తలుపుల లోపలా
చేపలవాళ్ళ నైలాన్ తాడు ముక్కలు కట్టాడు,
లాగితే తెరుచుకుంటాయి, తెరతో పనిలేదు.
"ఇదేటి తాడు?" అని అడుగుతారు పెళ్ళివాళ్ళు.
దిష్టికని చెబుతాను.

అప్పు ఇంకా ముప్పయ్యారు నెలలు.
భీమిలి రోడ్డులో, పక్కన సముద్రం,
చప్పుడు లేకుండా పోతుంటే
ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది, అబద్ధమెందుకు.

తెర మూలన పసుపుపచ్చ దీపం ఒకటి
నిన్నటి నుంచి వెలుగుతోంది.
దాని రేటెంతో
నేనింకా అడగలేదు.